స్కూటరెక్కిన కుర్చీ

సభాధ్యక్షులు మా డైరెక్టరు గారికి, పనులు మానుకుని వచ్చిన సెక్యూరిటీ ఏజెన్సీల యజమానులకు, ఇన్నేళ్ళూ నాతోపాటు ఒకే ఫ్యాను కింద చెమటలు కక్కిన లైసెన్సింగు విభాగం మిత్రులకు, ముందు వరసలో కూర్చుని అప్పుడే వాచీ చూసుకుంటున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

ఇందాకట్నించీ అందరూ నన్ను తెగ పొగిడారు. ఇంత మంచివాణ్ణని ముందే తెలిసుంటే ఇంకాస్త దర్జాగా బతికేవాణ్ణి. సంతోషంగా రిటైరై వెళ్తున్నానని చెప్పడం ఆనవాయితీ, చెప్పేశాను. నిజానికి అలిసిపోయానండీ.

ప్రైవేటు కాపలా మనుషులకు లైసెన్సులిచ్చే చట్టం వచ్చిన కొత్తలో నేనిక్కడ చేరాను. అంతకుముందు టోపీ పెట్టుకున్న ప్రతివాడూ గార్డే, వాడెవడు, ఎక్కణ్ణించి వచ్చాడు అని అడిగే నాథుడు లేడు. మనమొచ్చి శిక్షణ అన్నాం, పోలీసు విచారణ అన్నాం, వైద్య పరీక్ష అన్నాం, అన్నీ మంచివే. ఆ సందట్లోనే నేనొక చిన్న షరతు దూర్చాను, గార్డు కాపలా కాసే ప్రతిచోటా ఆయన కూర్చోడానికి ఒక కుర్చీ ఉండాలని. దాని మీద ఎన్ని మీటింగులయ్యాయో చెప్పలేను. కూర్చోబెడితే నిద్రపోతారు సార్ అన్నారు యజమానులు. మనం కూర్చునే కదా మాట్లాడుకుంటున్నాం, ఎవరం నిద్రపోలేదే అన్నాను. అప్పటి పెద్దసారు ఉలిక్కిపడి లేచి, ఔనౌను అన్నారు. (నవ్వులు) అలా పాసైంది మన షరతు.

ఇక తనిఖీకి బయల్దేరితే బ్యాంకు గేటు దగ్గర కుర్చీ, ఆస్పత్రి గేటు దగ్గర కుర్చీ, బట్టల షాపు ముందు కుర్చీ. మురిసిపోయాను. ఆ తర్వాతి చోట దిగాక తెలిసింది, అన్నిచోట్లా ఉన్నది చేయి విరిగితే నీలం వైరుతో కట్టిన ఆ ఒక్క కుర్చీయేనని. మా జీపు కంటే ముందే అది స్కూటరు మీద వెళ్ళి నా కోసం ఎదురుచూస్తోంది. మూడో వరసలో తల దించుకున్న ఏజెన్సీ పెద్దమనిషీ, మిమ్మల్ని దెప్పడం లేదండీ. జరిమానా వేస్తే మీరు కొత్త కుర్చీ కొన్నారు కూడా. ఒక్కటే. అదీ స్కూటరెక్కింది. (నవ్వులు)

నవ్వండి, నేనూ చాలాకాలం నవ్వాను. ఊళ్ళో వాళ్ళ కాళ్ళ నొప్పులన్నీ మీకే అంటుంది మా ఆవిడ. ఇప్పుడు నవ్వే ఓపిక కూడా పోయింది, ఎందుకో చెబుతాను.

అదిగో, అద్దం తలుపు అవతల నిలబడ్డాడే, ఆయన మన ఆఫీసు గార్డు, అందరం పెద్దన్న అని పిలుస్తాం. ఇవాళ మీరు కూర్చున్న కుర్చీలన్నీ వ్యాను నుంచి దించింది ఆయనే. పొద్దున గేటు తీసిన దగ్గర్నుంచీ నిలబడే ఉన్నాడు. పోయిన వారం లైసెన్సు రెన్యువల్‌కి వైద్య పరీక్ష చేస్తే పిక్కల మీద నరాలు ఉబ్బి, పాదాలు బూట్లలో పట్టనంత వాచి ఉన్నాయి. వచ్చే నెల మళ్ళీ రమ్మంది డాక్టరమ్మ, అప్పటికీ వాపు తగ్గకపోతే ఫిట్ కాదని రాయక తప్పదంది. ఫిట్ కాకపోతే లైసెన్సు లేదు, లైసెన్సు లేకపోతే ఉద్యోగం లేదు. నిలబెట్టి కాళ్ళు పాడుచేసేదీ మనమే, పాడైన కాళ్ళు చూసి పొమ్మనేదీ మనమే. కాసేపు కూర్చోకూడదా పెద్దన్నా అని అడిగాను.

"సూపర్‌వైజరు చూస్తే తీసేస్తాడు సార్. మీరున్నారు కదా, ఏదో ఒకటి చేస్తారు" అన్నాడు.

రేపట్నించి నేనుండను. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఇందాక యజమానుల సంఘం వారు నాకీ కుర్చీ బహూకరించారు. సర్వీసులో ఉండగా వాళ్ళ టీ కూడా ముట్టనివాణ్ణని, ఆఫీసు టైం దాటేదాకా ఆగి మరీ ఇచ్చారు. మెత్తగా ఉంది, వెనక్కి వాలుతుంది, కాళ్ళు చాపుకోడానికి చిన్న పీట కూడా ఇచ్చారు. మా ఇంట్లో దీనికి చోటు లేదు. చూడండి, మా ఆవిడ తల ఊపుతోంది. అంచేత ఎవరైనా ఇద్దరు దీన్ని పట్టుకెళ్ళి ఆ తలుపు దగ్గర వేయండి, స్కూటరు అక్కర్లేదు. (నవ్వులు)

వేశారా? పెద్దన్నా, కూర్చో. (విరామం)

చూశారా, నేను చెబితే కూర్చోడు. నా వైపు చూడ్డం కూడా లేదు, మూడో వరస వైపు చూస్తున్నాడు. అయ్యా, ఆయన మీ ఏజెన్సీ మనిషే. ఒక్క మాట చెప్పండి, గట్టిగా, అక్కడిదాకా వినబడాలి. (విరామం)

కూర్చున్నాడు.

డైరెక్టరు గారూ, ఆ కుర్చీ అక్కణ్ణించి కదలకుండా చూడండి, నేను మిమ్మల్ని అడిగే ఆఖరి పని ఇదే. ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు... అదుగో, మళ్ళీ లేచాడు. ఎవరి కారో వచ్చినట్టుంది, గేటు తీయడానికి వెళ్ళాడు. పర్లేదు, కుర్చీ అక్కడే ఉండనివ్వండి. ఆయన తిరిగొచ్చి కూర్చునేదాకా నేనూ ఇలాగే నిలబడతాను. (సుదీర్ఘ విరామం)

ఆ, కూర్చున్నాడు. ఇక నాకు సెలవు.