కోయని గడ్డి

ఫ్యాక్టరీ వెనక తోటపనివాళ్ల షెడ్డు. లోపల గడ్డి కోసే మిషన్‌కు నూనె పోస్తున్న తోట మేస్త్రి. గుమ్మంలో, తువ్వాలు మూటను గుండెకు హత్తుకుని నిలబడ్డ, క్వార్టర్సులో ఉండే ఒక చిన్న వయసు తల్లి.

“బాబాయ్, నాకు లోకంలో అన్నిటికన్నా పామంటే భయం. మా పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది. గడప దాటిందంటే మీ గడ్డే.”

“నా గడ్డి కాదమ్మా, కంపెనీది. మెల్లగా మాట్లాడు, పాప లేస్తుంది.”

“లేవదులే. ఆ గడ్డి ఎందుకు కోయరు?”

“గుడ్లగూబల కోసం. అవి వేటాడేది ఆ గడ్డిలోనే. స్తంభాల మీద వాటి గూళ్లకని కట్టిన పెట్టెలు చూశావుగా.”

“కంపెనీకి గుడ్లగూబలెందుకు? డ్యూటీ చేస్తాయా?”

“చేస్తాయి, నైట్ షిఫ్టు! ఇదివరకు ఎలుకలు వైర్లు కొరికి మిషన్లు ఆగిపోయేవి. ఎంత మందు పెట్టినా తగ్గలేదు. ఇప్పుడు ఎలుకల సంగతి అవి చూసుకుంటున్నాయి. పైగా సరుకు కొనేవాళ్లొస్తే పెద్దసారు ముందు ఆ పెట్టెలు చూపించి, తర్వాతే కాఫీ ఇస్తారు. ఆర్డర్లు కూడా పెరిగాయట.”

“అంటే జాలి కాదు, లాభం.”

“జాలితోనే మొదలెట్టారు, లాభం వెంటపడింది. పెట్టమని ఎవరూ అడగలేదు తల్లీ. ఇక పామంటావా, అది ఎలుక కోసం వస్తుంది. ఎలుకే లేకపోతే మీ ఇంట్లో దానికేం పని?”

“కబుర్లు! పొద్దున బట్టలారేస్తుంటే గడ్డిలోంచి బుస వినిపించింది.”

“చూశావా?”

“ఆ... అది సరే. గడ్డి కోసేస్తే ఆ పిట్టలేమవుతాయి?”

“పోతాయి. రోజూ నీ గోల భరించలేకే ఇవాళ మిషన్ తీశా.”

“పిల్లలుంటే?”

“ఎవరి పిల్లలు?”

“వాటివే. కిందపడ్డ పిల్లను మళ్లీ పైన పెడితే తల్లి దగ్గరికి రానిస్తుందా?”

“రానిస్తుంది. మనిషి చెయ్యి తగిలినా పట్టించుకోదు. ఎందుకు?”

“ఊరికే.”

“అమ్మాయ్, పాపకు జలుబా? బుసబుసమంటోంది.”

“...పాప మా అత్తయ్య దగ్గరుంది బాబాయ్.”

“మరి నీ చేతిలో?”

“ఇదే ఆ బుస. పామేమోనని కర్ర పట్టుకుని వెళ్లా. చూస్తే తెల్లటి దూదిముద్దలా గుడ్లగూబ పిల్ల, నోరు తెరుచుకుని నా వంకే చూస్తోంది. ఇంక నాకు పామూ గుర్తు రాలేదు, పుట్రా గుర్తు రాలేదు.”

“మోకాళ్లదాకా ఉన్న గడ్డిలోకి, చెప్పుల్లేకుండానా!”

“తర్వాత తిట్టండి. మా గుమ్మం ముందు మటుకు కాస్త బాట కోయండి, అది చాలు. ముందు నిచ్చెన తీయండి. దీన్ని పెట్టెలో పెట్టేసి, చీకటిపడ్డాక ఇంకోసారి వెళ్లి చూసి రండి బాబాయ్. వాళ్లమ్మ వచ్చిందో లేదో తెలిస్తేగాని నాకు నిద్ర పట్టదు.”