కూర్చునే ఇల్లు

"అవ్వా, మా కొత్త దుంగల ఇంటికి తలుపు మీద సందు వదలమన్నావంట. మేస్త్రీ నవ్వుతున్నాడు."

నవ్వనీలే లతా. మీ తాత ఈ ఇల్లు కట్టేటప్పుడూ నవ్వినారు. లౌటోకా ఊళ్ళో మిల్లు పని ఆయనకప్పుడు... చెరకు మిల్లు కాదు, కట్టెల మిల్లు. మన ఈ దీవులకు స్వతంత్రం వచ్చినాక కొండల నిండా పైన్ చెట్లు పెంచినారు కదా, అవి కోతకొచ్చిన కాలం. మిల్లుకు చలిదేశం దొర ఒకాయన వచ్చినాడు. వాళ్ళ ఊళ్ళో దుంగ మీద దుంగ పేర్చి గోడ కడతారంట, లోపలికి చలి రాదంట. "చలి రాకపోతే ఎండా రాదు కదా" అన్నాడు మీ తాత. మన రేకుల ఇల్లు మధ్యాహ్నమైతే రొట్టె పెనమే. మా అత్తమ్మ తడిగుడ్డ నెత్తినేసుకుని మామిడిచెట్టు కిందే ఉండేది పాపం. ఆమె కోసమే ఈ ఇల్లు.

దుంగకు గాడి చెక్కి, కొబ్బరిపీచు కూరి, పైదుంగ దించేది. పీచంతా నేనే కొట్టినా. దారినపోయేవాళ్ళు, "ఏం భయ్యా, ఈ దొడ్డికి మేకలెప్పుడు తెస్తావు?" అని ఎగతాళి.

అంతా బాగుంది, ఒక్క మాట చెడగొట్టింది. అత్తమ్మ వచ్చి, "తలుపు మీద ఈ సందేందిరా, చెయ్యి దూరుతోంది?" అంది. మీ తాత ఇక్కడి యాస హిందీలో, మా ఇంట్లో సగం హిందీయే కదా, "ఘర్ బైఠీ" అన్నాడు. ఇల్లు కూర్చుంటుందని. దుంగలు ఎండితే గోడ కాస్త దిగుతుంది. సందు లేకుంటే బరువంతా పడి తలుపు బిగుసుకుంటుంది. తుపానుకు కూలిన ఇంటినీ అట్లే అంటారు కదా, బైఠ్ గయా అని! "కూలే ఇంట్లోకి నన్ను పిలుస్తావా?" అని ఆమె రేకుల కిందికే పోయింది.

రోజూ గడప దాకా వచ్చి, "ఇంకా పడలేదా?" అనేది. బల్లులు దూరతాయని తన పాత పచ్చ చీర... పచ్చ కాదు, పసుపు... చింపి ఆ సందులో తానే కూరింది. చూడు, కూలేదానికి బల్లుల దిగులు!

వానలు పోయినాయి, ఎండలు కాసినాయి. దీపావళికి ఉతుకుదామని ఆ గుడ్డ లాగింది. రాలేదు. బల్ల ఎక్కి రెండు చేతులా లాగింది. ఊహూఁ! దుంగలు దిగి పట్టేసినాయి. తలుపేమో వేలితో తోస్తే తెరుచుకుంది. లోపల చల్లగా తగిలింది. నడింట్లో చాప మీద కాళ్ళు చాపి, "ఒరే, ఇల్లు కూర్చుంది. నేనూ కూర్చున్నా. టీ తే!" అంది. మీ తాత నవ్వు రోడ్డు దాకా వినిపించింది.

నీకు ఎండ దిగకుండా రేకు కింద దూది పరుపేదో వేస్తారంట, ఏసీ వద్దన్నావంట. మంచిది. చల్లగా, నిమ్మళంగా కూర్చోవాలి తల్లీ నీ ఇల్లు, నువ్వూ. సందులోకి గుడ్డ నేనిస్తా. ఈ చీర... రంగు బాగుందా, లేక ఆ నీలందా...