ఎవ్రీడే ఇంగ్లీష్

హలో… నిఖిలా? … ఓ, మామ్మగారా. ఆ, నేనేనండి, ప్రేమ్‌ని… నిఖిల కోచ్‌ని. ఆ, ఆ, ఐసు మీద కర్రలాట, అదే ఐస్ హాకీ నేర్పే ప్రేమ్‌నే.

ఏటీ లేదు, ఊరికే చేశాను. పిల్లకి ఒకసారి ఫోన్ ఇస్తారా… పడుకున్నాదా. కాలేజీ నుంచి రాగానేనా? … అన్నం తినకుండానే?

… లేదు లేదు, కంగారేటీ లేదు. … గొంతా? పొద్దున్నంతా రింక్‌లో అరిచాను కదా, అలగే ఉంటాది.

వాళ్ళ అమ్మకి చేశాను. సైన్స్ పార్క్ ఆఫీసులో ఏదో మీటింగ్‌లో ఉన్నట్టున్నారు, ఎత్తట్లేదు. వాళ్ళ నాన్న శ్రీనాథ్ గారు? … విమానంలోనా. అయితే ఇంట్లో మీరిద్దరే అన్నమాట.

సరే. ఒక పని చెయ్యండి మామ్మగారూ. పిల్లని లేపండి.

… తెలుసండి, రాత్రుళ్ళు కూర్చుని చదివింది, పడుకోవాల్సిందే. అయినా లేపండి. … నిద్రలో లేపితే చిరాకు పడతాది, తెలుసు. పడనివ్వండి. నన్ను తిట్టమనండి.

… సరే, చెప్తాను. కానీ నిలబడి వినకండి, పిల్ల గదిలోకి నడుస్తూ వినండి. నడుస్తున్నారా?

పొద్దున ప్రాక్టీసులో పడ్డాది. … ఆ, రోజూ పడతారు. ఇవాళ తల తగిలింది. రింక్ చుట్టూ గోడ ఉంటాది కదా, దానికి. నేను చూళ్ళేదండి, అటు చివర గోల్‌కీపర్ దగ్గర ఉన్నాను. గుద్దుకున్నది మా టీమ్ పిల్ల ప్రణవి. నేను తిడతానని భయపడి చెప్పలేదట, ఇప్పుడు ఏడుస్తూ మెసేజ్ పెట్టింది. నిఖిల వెంటనే లేచింది, అయామ్ గుడ్, కోచ్ అంది, ఆట అయ్యేదాకా ఆడింది. అట్నుంచి కాలేజీకెళ్ళి, ఇంటికి ట్రైన్‌లో వచ్చింది.

… హెల్మెట్ ఉన్నాది. ఉంటే ఏటి? కొబ్బరికాయ పగలకపోయినా లోపల నీళ్ళు కదులుతాయా లేదా? అంతే.

వాంతి ఏమైనా… ఎప్పుడు? … రాగానే. మీరేటనుకున్నారు? … బయటి మకాన్, బయటి తిండి పడలేదని. హాకర్ సెంటర్ వాణ్ణి తిట్టుకుని మజ్జిగ ఇచ్చారు. … లేదు లేదు, మీ తప్పేం లేదు. నేనైనా అలగే అనుకుందును.

త్రివేణీ… త్రివేణీ, ఇలా రా. నీ ఫోన్‌లో అంబులెన్స్‌కి చెయ్యి. బుకిట్ బటోక్, నిఖిల వాళ్ళ ఫ్లాట్. తల దెబ్బ అను.

… మా ఆవిడతో అన్నానండి. మీరు భయపడకండి. ఊరికే, జాగ్రత్తకి. గదిలోకి వెళ్ళారా? పిలవండి.

… గట్టిగా.

… ఇంకా గట్టిగా, పక్క ఫ్లాట్ వాళ్ళకి వినబడినా పర్లేదు. భుజం మీద గిల్లండి. ప్రేమగా కాదు, గట్టిగా గిల్లండి.

… కదిలిందా? … చెయ్యి విదిలించిందా. హమ్మయ్య. … ఆ, మళ్ళీ పడుకోనివ్వకండి. దిండు ఆనించి కూర్చోబెట్టండి. కళ్ళు తెరిచిందా? నల్లగుడ్లు రెండూ ఒకేలా ఉన్నాయా చూడండి… కళ్ళజోడు హాల్లో ఉందా? వద్దు, వద్దు, వెళ్ళకండి, పిల్లని వదలకండి. మాట్లాడించండి. మాట్లాడిస్తే చాలు.

… ఏటన్నాది?

… దాహంగా ఉందన్నాదా. మంచిదే. నీళ్ళు మాత్రం ఇవ్వకండి, డాక్టర్లు చూసేదాకా ఏమీ పట్టకూడదు… ఆ. బాగానే మాట్లాడుతున్నాదా?

… అబ్బ, ఎంత భయపెట్టేసింది చూడండి. మీకు నవ్వొస్తోంది గానీ ఇక్కడ మా ఆవిడ ఇంకా అంబులెన్స్ వాళ్ళతోనే మాట్లాడుతున్నాది. … దేనికి నవ్వుతున్నారు?

… మామ్మా అన్నాదా?

… ఒక్క నిమిషం. రోజూ మిమ్మల్ని గ్రాండ్‌మా అంటాది కదా. … దాహం అన్న మాట కూడా… తెలుగులోనే? దాహం అనే అన్నాదా, వాటర్ అనలేదా?

… మొత్తం తెలుగులోనే.

… ఆ. వింటున్నానండి. … ఆ, గుర్తుంది. మీరే చెప్పారు నాతో, కోచ్ మాటంటే వింటాది బాబూ, దానిచేత నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడించు, కొబ్బరికాయ కొడతానని. … ఆ. గుర్తుంది.

మామ్మగారూ, నవ్వకండి. దయచేసి నవ్వకండి.

… మంచి సంగతి కాదండి అది. … ఎలగ చెప్పను మీకు. స్పీకర్ నొక్కండి, నన్ను మాట్లాడనివ్వండి దానితో.

నిఖిలా. కోచ్ హియర్. వేర్ ఆర్ యూ నౌ? … నిఖిలా, వాట్ డే ఈజ్ టుడే? … టెల్ మీ యువర్ జెర్సీ నంబర్, కమాన్.

… చెప్పులు విప్పను అంటోందా? ఏ చెప్పులు? … బడా? ఏ బడి?

… మామ్మగారూ. ఇంగ్లీషులో అడిగిన దానికి ఒక్కదానికీ జవాబు లేదు. విన్నారు కదా.

నాకు భయంగా ఉన్నాదండి. మీ దగ్గర దాచను. చాలా భయంగా ఉన్నాది. మీరు మాత్రం కూర్చుండిపోకండి, ఇప్పుడు ఆ ఇంట్లో మీరొక్కరే ఉన్నారు.

త్రివేణీ, ఏటన్నారు? … బయల్దేరిందట మామ్మగారూ, అంబులెన్స్ బయల్దేరింది.

ఈలోగా వినండి. నేను కెనడాలో డబ్బుకి ఆడేవాణ్ణి, మీకు తెలుసు కదా. అక్కడొకడు నన్ను వెనకనుంచి గోడకేసి కొట్టాడు. ఆస్పత్రిలో డాక్టర్ అడిగినవాటికి అన్నింటికీ చక్కగా జవాబు చెప్పాను. తల పగిలిపోతోందన్నాను, ఎడమ పక్క కనబడట్లేదన్నాను. బ్రహ్మాండమైన ఇంగ్లీషులో చెప్తున్నాననుకున్నాను. … కాదండి. అంతా తెలుగు. మా అమ్మమ్మ కుమారమ్మ తెలుగు. చిన్నప్పుడు ఇక్కడ ఫ్లాట్ కింద కూర్చోబెట్టి అన్నం పెడుతూ మాట్లాడిన తెలుగు.

… డాక్టర్‌కి ఏం తెలుస్తాది? నల్లవాణ్ణి, ఏ దేశం నుంచో వచ్చాడు, పాపం ఇంగ్లీషు రాదనుకున్నాడు. పడుకోబెట్టాడు. తెల్లారాక టీమ్ వాళ్ళొచ్చి, వీడికి మాకంటే బాగా వచ్చు ఇంగ్లీషు అంటే, అప్పుడు పరుగెత్తించారు. తలలో రక్తం గడ్డ. బతికాను. ఎడమ కన్ను సగం పోయింది. ఆట పోయింది. అందుకే కదా మీ పిల్లలకి కోచ్‌నయ్యాను.

… ఏడవకండి. ఏడిస్తే పిల్ల భయపడతాది. పట్టుకునే ఉన్నారు కదా? పడుకోనివ్వట్లేదు కదా?

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఒక్కటే. వచ్చినవాళ్ళు ఇంగ్లీషులో అడుగుతారు. పిల్ల తెలుగులో చెప్తాది. పక్కన చీర కట్టుకుని మీరు. వాళ్ళు ఏమనుకుంటారు? వీళ్ళింతే, ఇంగ్లీషు రాదు అనుకుంటారు. అలా అనుకోకూడదు. రోజూ మాట్లాడే భాష పోయిందని వాళ్ళకి తెలియాలి.

… నేనే చెప్తానండి, ఫోన్ వాళ్ళకి ఇస్తే. తీసుకోకపోతే? … ఆ? ఫోన్ ఏదో కూత పెట్టిందా? పైన బ్యాటరీ బొమ్మ ఏ రంగులో ఉంది? … ఎర్రగా. ఈ పిల్ల ఏనాడూ ఛార్జింగ్ పెట్టదు. ఛార్జర్ వెతకొద్దు, పిల్లని వదలొద్దు. మీ ఫోను? … కూరగాయల సంచిలో, వంటింట్లోనా. సరే, పోనీండి.

అందుకే ఇది నోటికి నేర్చుకోండి. చిన్న మాటే. ఎవ్రీడే ఇంగ్లీష్. నౌ, నో ఇంగ్లీష్. అనండి.

… ఎవ్రీడే. రోజూ అని. ఎవ్రీడే ఇంగ్లీష్… ఆ. నౌ అంటే ఇప్పుడు. నౌ, నో ఇంగ్లీష్… ఆ, అదీ. మళ్ళీ.

… మళ్ళీ.

… రాదనకండి మామ్మగారూ. అన్నవరం వ్రతకథ మొత్తం చూడకుండా చెప్తారట మీరు, నిఖిలే చెప్పింది నాకు. ఇదెంత? మళ్ళీ అనండి.

… బెల్లు. వచ్చేశారు. తలుపు తియ్యండి. ఫోన్ పిల్ల పక్కన మంచం మీద పెట్టి వెళ్ళండి, కట్ చెయ్యకండి.

త్రివేణీ, వాళ్ళు వచ్చారు. ఉష్… వినబడుతోంది.

… మగగొంతు. పేరడుగుతున్నారు. … మామ్మగారు చెప్తున్నారు.

… కాదు. మామ్మగారూ, కాదు, తిరగేసి చెప్పారు. ఎవ్రీడే నో ఇంగ్లీష్ అనేశారు. మామ్మగారూ… హలో… ఎవరైనా, హలో, ఫోన్ ఎత్తండి, మంచం మీద ఫోన్…

… ఓకే ఓకే ఆంటీ అంటున్నాడు త్రివేణీ. ఓకే అంటాడేటి, నమ్మేశాడు. అయ్యో దేవుడా.

నిఖిలా. నిఖిలా, నీ పక్కనే ఉన్నాను, ఫోన్‌లో. వినబడుతోందా తల్లీ? … ఆ, నేనే. కోచ్‌ని. … తాతయ్యని కాదురా, కోచ్‌ని.

చూడు, ఇన్నాళ్ళూ తెలుగులో అడిగితే తెలుగులో చెప్పు, తెలుగులో చెప్పు అని నీ ప్రాణం తీశాను. ఇంక అడగను. ఒట్టు. ఇప్పుడు ఒక్క ముక్క ఇంగ్లీషులో అనమ్మా. ఏదైనా. నన్ను తిట్టు. రోజూ వెనకాల తిడతావు కదా, నాకు తెలీదనుకున్నావా, అది అను. అయామ్ గుడ్, కోచ్ అని అబద్ధమైనా ఆడు.

… ఉండు. త్రివేణీ, మామ్మగారు అరుస్తున్నారు. … ఎవ్రీడే ఇంగ్లీష్… ఆ… నౌ, నో ఇంగ్లీష్. ఆ. అదీ. సరిగ్గా అన్నారు. మళ్ళీ అంటున్నారు. తలుపు కొట్టినట్టు అంటున్నారు.

… అతను ఆగాడు. మళ్ళీ అడుగుతున్నాడు. నిఖిలనే అడుగుతున్నాడు, డు యు స్పీక్ ఇంగ్లీష్ అని.

చెప్పు తల్లీ. చెప్పు. నేను వింటున్నాను, చెప్…

హలో.

హలో? … నిఖిలా?

… ఛార్జింగ్ అయిపోయింది.

కారు తాళాలు ఏవి? … నిఖిల ఏదో అంది, త్రివేణీ. చివర్న ఏదో అంది. ఏ భాషో వినబళ్ళేదు.