కలగలుపు పడితే ఎర్రిస్వామికి నీళ్లు

మద్దిలేటి అని ఒక నీరుగంటి ఉండె. నీరుగంటి అంటే తెలుసు కదా, కాలువ నీళ్లు ఏ పొద్దు ఎవరి మడికి పోవాల్నో చూసేవాడు. భుజాన పార, మోకాళ్ల దాకా బురద, అంతే వాని ఆస్తి. ఆ పార కూడా వానిది కాదు, ఊరిది. ఊరు చేతికిచ్చిన పార, ఊరు దించమంటే దించాల. తప్పు చేసి పార దించినోనికి చుట్టుపక్కల ఏ ఊర్లోనూ ఇంకొక పార ఇయ్యరు, ఆడ ఉండనీరు. పెండ్లాన్ని తట్టాబుట్టా తీసుకోమని పోవాల్సిందే. అదీ ఆ కాలంలో కట్టుబాటు. మద్దిలేటి పార సంగతే ఈ కథ. దాన్ని దింపుతారా, దింపరా అని. గుర్తు పెట్టుకోండి, మధ్యలో పులుసు గురించి వస్తాది, దానికి నవ్వి దీన్ని మర్చిపోతారు.

ఆ ఊర్లో కొండ కింద ఒక ఊటకాలువ. మూడిండ్ల పొలాలు దాని మీదనే బతుకుతాయి. ఎగువన ఎర్రిస్వామిది, నడుమ తిమ్మన్నది, దిగువన సుంకులమ్మది. వానలున్నప్పుడు ఎవరికీ ఏ బాధా లేదు, పొలాలకు నీళ్లు మళ్లే మడవలు మూడూ తెరిచి పెట్టి నిద్రపోవచ్చు. ఎండాకాలం వస్తే ఏమైందంటే, ఊట సన్నబడి చిటికెన వేలంత అవుతాది. దాన్ని మూడు పాయలు చేసినారనుకో, మూడూ ఇసకలోనే ఇంకిపోతాయి, ఒక్క పైరూ తడవదు. అందుకని పొద్దుకొక ఇంటికే మొత్తం నీళ్లు. మరి వంతు పెట్టుకోవచ్చు కదా, ఈ పొద్దు నీది రేపు నాది అని? అట్లనే అంటారు మీరు. పెట్టుకున్నారంట మునుపు. రేపు నీది అని తెలిసినోడు ముందుగానే గట్టు తొలిచి పెట్టుకునేది, నా వంతు నాడు చినుకు పడింది కాబట్టి అది లెక్కలోకి రాదు అని ఇంకొకడు తగులుకునేది, తలలు పగిలేది. వంతు తెలిస్తేనే కదా కొట్లాట, తెలియకుండా చేద్దాం అని అప్పటి ముసలోళ్లు ఒక ఉపాయం చేసినారు.

ఏం ఉపాయమంటే బిళ్ళలు. పగిలిన కుండ పెంకు తీసుకుని రాయి మీద బాగా అరగదీసి రెండు బిళ్ళలు చేసినారు, మనం తొక్కుడుబిళ్ళాటకు చేస్తాం చూడు, అట్లాంటివి. ప్రతిదానికీ ఒక పక్క సున్నం, ఒక పక్క మసి. పొద్దు పొడిచే యాలకు నీరుగంటి వాటిని దోసిట్లో గిలకరించి తూము కాడి బండ మీద వేస్తాడు. రెండూ తెల్లగా పడినాయా, సుంకులమ్మ ఇంటికి నీళ్లు. రెండూ నల్లగా పడినాయా, తిమ్మన్న ఇంటికి. ఒకటి తెలుపు ఒకటి నలుపు పడితే దాన్ని కలగలుపు అంటారు, అది ఎర్రిస్వామి ఇంటికి. ఇండ్లు మూడు, పడేది మూడు రకాలు, సరిగ్గా సరిపోయింది అనుకున్నారు. ఇప్పుడు మీరూ తలలు ఊపుతాండారు కదా సరిపోయిందని? ఊపండి ఊపండి.

కలగలుపు ఎర్రిస్వామి వాళ్లకు ఎట్ల పోయిందంటే, వాళ్లేం ఎత్తులేసి తీసుకోలే. పంచుకునేనాడు పెద్ద గొంతు ఉండే మిగతా రెండిండ్లోళ్లూ ముందే జోడు తెలుపు నాది, జోడు నలుపు నాది అని పట్టేసినారు. కలగలుపు అంటే మంచీ చెడ్డా కాని అపశకునం అని ఒక నమ్మకం. ఎర్రిస్వామి తాత మెత్తని మనిషి, పోనీలేప్పా మిగిలింది నాకియ్యండి అన్నాడంట. ఇంకొక కట్టుబాటు కూడా చెప్పాల. ఏ పొద్దు ఎవరికి నీళ్లు పడితే ఆ పొద్దు వాళ్లింట్లోనే నీరుగంటికి కూడు. అందుకే మద్దిలేటి పెండ్లాము లచ్చుమక్క ఎండాకాలమంతా మొగునికి వండేదే లేదు.

ఆ యేడు ఏమైందంటే, ఎండ ముందే ముదిరింది. బిళ్ళలు వేసేది కూడా ముందే మొదలైంది. సుంకులమ్మ మొగుడు నోరు తెరిచేవాడు కాదు, ఇంటికీ పొలానికీ ఆమే మాట, ఆమే చెయ్యి. ఆమె రాగి పైరు ఎన్ను తీసే కాలానికి ఆకులు చుట్టుకుని చుట్టుకుని ఎండతాండాది. ఎగువన చూస్తే ఎర్రిస్వామి పైరు కాకి రెక్క మాదిరి నల్లగా నిగనిగలాడతాండాది. ఆమెకు అనుమానం వచ్చింది. అనుమానం వచ్చిన మనిషి ఊరికే ఉంటాదా? పొద్దునే బిళ్ళలు పడినంక ఇంటికి వచ్చి పశువుల కొట్టం గోడ మీద ఒక గులకరాయి పెట్టేది. తనకు పడితే ఈ కుప్ప, తిమ్మన్నకు పడితే ఆ కుప్ప, ఎర్రిస్వామికి పడితే ఇంకొక కుప్ప. అట్ల పెట్టీ పెట్టీ కొన్నాళ్లకు చూస్తే, తన కుప్పా తిమ్మన్న కుప్పా ఇంచుమించు ఒకటే. ఆ రెండూ ఒకటిగా చేస్తే ఎంతో ఎర్రిస్వామి కుప్ప ఒక్కటే అంత.

ఇంకేముంది. తిమ్మన్నను పిలిచి చూపించింది. తిమ్మన్న చూసి, ఇదా సంగతి, మద్దిలేటి కూడు తినేది ఎక్కువ పొద్దులు ఎర్రిస్వామి ఇంట్లోనే కదా అన్నాడు. మాట ఊరంతా పాకింది. మద్దిలేటి చేతివాటం చూపిస్తాండాడు, కూటికి ఆశపడి బిళ్ళ తిప్పుతాండాడు అని. ఊరిపెద్ద ఓబన్న మర్నాడు పొద్దునే తూము కాడికి అందరినీ రమ్మన్నాడు. వచ్చినారు. మద్దిలేటిని పార తెచ్చి బండ మీద పెట్టమన్నాడు. పెట్టినాడు. దించమనలేదు ఇంకా, పెట్టమన్నాడు అంతే, కానీ లచ్చుమక్క అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిందంట.

ఏమప్పా నీ మాట చెప్పు అన్నాడు ఓబన్న. మద్దిలేటి బండ మీది పార వైపు చూసినాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“కూటి కోసం అంటాండారు. సరే. మీలో ఎవరన్నా ఒకరు ఎర్రిస్వామన్న ఇంట్లో పులుసు తిని రండి. తిన్నంక కూడా దాని కోసం నేను దొంగతనం చేసినానంటే, ఆ పార నేనే దించి పోతా.”

జనం నవ్వినారు. ఎర్రిస్వామి పెండ్లాము మాత్రం నవ్వలే. ఎర్రిస్వామి నేల చూసినాడు గానీ కాదు అనలే, రోజూ తినేవాడు ఆయనే కదా.

నవ్వితే తప్పు పోదు కదా, తేల్చాల. ముందు బిళ్ళనే చూద్దాం అన్నాడు ఓబన్న. ఒక పక్క బరువు పెట్టి చేసినాడేమో అని ఒక్క బిళ్ళను తీసుకుని వేసినారు. వేసినోళ్లు వేస్తానే ఉన్నారు, చేయి మారుస్తా మారుస్తా. తెలుపు పడింది, నలుపు పడింది, మళ్లా నలుపు, మళ్లా తెలుపు. తెలుపుకొక రాయి, నలుపుకొక రాయి పెట్టుకుంటా పోతే రెండు కుప్పలూ సమానంగానే లేచినాయి. రెండో బిళ్ళా అంతే. ఒంటిగా ఉన్నప్పుడు దానికి ఎవరి పక్షమూ లేదు, రెండు ముఖాలు, రెండూ ఒకటే. సరే, బిళ్ళలో మోసం లేదు, చేతిలో ఉందేమో. మద్దిలేటిని దూరంగా గట్టు మీద కూచోబెట్టి, రెండు బిళ్ళలూ తిమ్మన్ననే వేయమన్నారు. తిమ్మన్న వేసినాడు, సుంకులమ్మ వేసింది, దోవన పోయే గొర్రెలాయన్ను పిలిచి వేయించినారు. మళ్లా అదే కథ, ఎర్రిస్వామి కుప్పే పెద్దది. ఓబన్న చేతులెత్తి, ఇంక ఇది మనిషి పని కాదు, ఎర్రిస్వామి మీద దేవునికి దయ అన్నాడు. సుంకులమ్మ ఊరుకుంటాదా?

“దేవుడు కూడా వాళ్లింట్లోనే తింటాండాడా?” అనింది.

ఆ బిళ్ళలకే ఏదో మందు పెట్టినాడు, మా బిళ్ళలు మేము తెచ్చుకుంటాం అని పట్టు పట్టింది. తిమ్మన్న కూడా అదే మాట. సరే తెచ్చుకోండి, మీ బిళ్ళలతో వేసినప్పుడు ఎర్రిస్వామికి అంత పడకపోతే మద్దిలేటి పార దించాల, ఇదే కడమాట అన్నాడు ఓబన్న. సుంకులమ్మ ఇంటికి పోయి పగిలిన నీళ్లకుండ పెంకు అరగదీసి గుండ్రంగా ఒక బిళ్ళ చేసుకొచ్చింది. తిమ్మన్నకు అంత ఓపిక యాడిది, సంగటి కుండ పెంకు నాలుగు మూలల పలకగా ఒకటి కొట్టి తెచ్చినాడు. రెండిటికీ ఒక పక్క సున్నం, ఒక పక్క మసి. ఇంతకుముందు బిళ్ళలు రెండూ అచ్చం ఒకే మాదిరి ఉండె, ఏది ఏదో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు గుండ్రంది సుంకులమ్మది, పలకది తిమ్మన్నది. ఇంటాండారా? ఈడనే ఉంది కిటుకంతా.

గొర్రెలాయన వేసినాడు. గుండ్రంది తెల్లగా పడింది, పలకది నల్లగా పడింది. కలగలుపు, నాకే కదా అన్నాడు ఎర్రిస్వామి అలవాటు కొద్దీ. యాడ నీకు, నా బిళ్ళ తెల్లగా పడింది, తెలుపు నాది, కాబట్టి ఇది నాది అనింది సుంకులమ్మ. నా బిళ్ళ నల్లగా పడింది, నలుపు నాది, ఇది నాది అన్నాడు తిమ్మన్న. ఇద్దరూ ఒకటిగా వచ్చి ఎర్రిస్వామి మీద పడాల్సినోళ్లు, ఒకరి మీద ఒకరు పడినారు. ఓబన్న విడదీసి మళ్లా వేయమన్నాడు. ఈసారి గుండ్రంది నలుపు, పలకది తెలుపు. ఇది నీదా అన్నాడు ఓబన్న. నాది కాదు, నా బిళ్ళ నల్లగా ఉంది కదా అనింది సుంకులమ్మ. నీదా తిమ్మన్నా? నాదీ కాదు. అట్లయితే ఇది ఇందాకటి మాదిరి కలగలుపే కదమ్మా, ఇందాక నాది నాది అని కొట్లాడితివి, ఇప్పుడు నాది కాదంటివి, రెండూ ఒకటే కదా అన్నాడు ఓబన్న.

సుంకులమ్మ ఒకటెట్లయితాది అనబోయి ఆగిపోయింది.  తర్వాత మెల్లగా బండ కాడ కూచుని రెండు బిళ్ళలూ చేతుల్లోకి తీసుకుంది. రెండూ తెల్లగా పెట్టి చూసింది. రెండూ నల్లగా పెట్టి చూసింది. గుండ్రంది తెలుపు పలకది నలుపు పెట్టింది. గుండ్రంది నలుపు పలకది తెలుపు పెట్టింది. ఇంకొక రకంగా పెట్టడానికి లేదు. ఎంత తిప్పినా మళ్లా ఈ నాలుగిట్లోనే ఏదో ఒకటి.

“పడేది మూడు రకాలు కాదబ్బా, నాలుగు,” అనింది. “నాకొకటి, తిమ్మన్నకొకటి, ఎర్రిస్వామికి రెండు. బిళ్ళలు ఒకే మాదిరి ఉండేసరికి ఆ రెండిటినీ ఒకటే అనుకుంటిమి. రెండు దోవల్లో వచ్చేది ఒక దోవన వచ్చేదానికి రెండింతలు వస్తాది, రాక ఏం చేస్తాది? నా గోడ మీద రాళ్లు చెప్పింది అదే.”

 సుంకులమ్మ తన నోటితో వేసిన నింద తన నోటితోనే పోయింది, ఆమెకు అది బాగలేదు, ఎవరికి మాత్రం బాగుంటాది. ఆమె పోయి మద్దిలేటి కాళ్లు పట్టుకోలేదు, కండ్లనీళ్లు పెట్టుకోలేదు, మీరు అట్లాంటిదేం అనుకోవద్దండి. బండ మీద ఉండే పార ఎత్తి గట్టు కాడికి పోయి వాని చేతికిచ్చి, పో, కాలువ యాడనో తెగినట్టుంది, ఇంతసేపూ చూసేవాడు లేడు అనింది. అంతే ఆమె మాట. వాడు పార తీసుకుని చూసుకున్నాడు. లచ్చుమక్క కొంగు నోట్లో నుంచి తీసింది.

మరి నాలుగోది ఎవరికి? ఎర్రిస్వామి, మా తాత నాటి నుంచి నాది అన్నాడు గానీ గొంతులో బలం లేదు. నీకొకటి ఉండనే ఉంది కదప్పా అన్నాడు ఓబన్న. తిమ్మన్న నాకియ్యండి అన్నాడు, నీకిస్తే రేపు నీ కుప్ప పెద్దదయితాది అని అందరూ కసిరినారు. అప్పుడు సుంకులమ్మే అనింది, గుండ్రంది తెలుపు పలకది నలుపు పడితే ఎర్రిస్వామికి, ఇందాక మేమిద్దరమూ నాది కాదన్నది ఉంది చూడు, గుండ్రంది నలుపు పలకది తెలుపు, అది మద్దిలేటికియ్యండి అని. వాని గుడిసె ఎనక మిరప మొక్కలున్నాయి, ఏనాడూ కాలువ నీళ్లు ఎరగవు. ఎందుకమ్మా అంత దయ అని తిమ్మన్న ఎత్తిపొడిచినాడు. దయ కాదు, వానికీ ఒకటుంటే, ఇంక దొంగతనం చేసినా తనకే చేసుకుంటాడు, మన కండ్లకు కనిపిస్తాది అనింది. ఆ మాటకు మద్దిలేటి కూడా నవ్వినాడంట. లచ్చుమక్క మాత్రం, అంటే ఆ పొద్దు నేను వండాల్నా అని అడిగిందంట.

మర్నాడు పొద్దున ఊరంతా వచ్చింది చూసేకి. మద్దిలేటి గిలకరించి వేసినాడు. గుండ్రంది తెలుపు, పలకది నలుపు. ఎర్రిస్వామికి. ఆ మర్నాడు మళ్లా వేసినాడు. మళ్లా గుండ్రంది తెలుపు, పలకది నలుపు. మళ్లా ఎర్రిస్వామికే. మద్దిలేటి పార గట్టిగా పట్టుకుని రెండడుగులు ఎనక్కి వేసినాడు. అందరూ సుంకులమ్మ మొహం చూసినారు. ఆమె బిళ్ళల్ని చూసింది, ఎండిన పైరును చూసింది.

“ఎందుకట్ల చూస్తారు? నిన్న ఏం పడిందో ఈ పెంకుకు గుర్తుంటాదా ఏమి. రేపు వెయ్యి,” అని ఎనక్కి తిరిగి పోయింది.

ఆమె రాగి పండిందా అని అడుగుతారు. సగం పండింది. ఆ తర్వాత ఆమెకు పడాల్సినన్ని పొద్దులు పడినాయి, గోడ మీద కొత్తగా పెట్టిన కుప్పలు నాలుగూ ఇంచుమించు ఒకటే అయినాయి, అయినా ఎండ ఎండే కదా. మద్దిలేటి మిరప మాత్రం బాగా కాసింది. వాడు దొంగ కాదని ఊరంతా ఒప్పుకుంది, పార వాని భుజం మీదనే ఉంది. అయితే ఆ మొదటి రెండు పొద్దులూ నీళ్లు ఎర్రిస్వామివే కదా, మద్దిలేటికి కూడు కూడా ఆడనే. తన పులుసు గురించి నలుగురిలో అన్న మాట ఆ ఇల్లాలు మర్చిపోలే. గిన్నె నిండా పోసి, ఎదురుగ్గా కూచుని, ఒక్క చుక్క మిగలకుండా తినిపించిందంట. నిజం చెప్పినోనికి అంత మాత్రం తప్పదు.