మార్చిన గొంతు

హలో… ఆఁ, నేనే. మీ పిన్నినే. నా ఫోన్లో నేను కాక ఇంకెవరుంటారే… ఉండు ఉండు, ఇక్కడ అందరూ భోజనాల్లో ఉన్నారు. వరండాలోకి వస్తా.

ఆ, ఇప్పుడు చెప్పు… ఏడుస్తున్నావా?… జలుబా! సరేలే, జలుబే. ముక్కు చీదుకుని చెప్పు.

…

విన్నానే. మొన్న మీ కాలేజీ రేడియోలో వచ్చిందంతా విన్నాను. నేనొక్కదాన్నేనా, మా పరీక్షల సెక్షను మొత్తం విన్నది. సూపరింటెండెంటు గారు తన ఫోన్లో పెట్టి, సౌండు పెంచి మరీ వినిపించాడు…

అబ్బే, నా గొంతు బాగానే మార్చావు. ఎవరో మగాడు బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది, నాకే భయమేసింది. "ఎవరండీ ఈయన?" అని పైకి అన్నాను కూడా, ఏమీ ఎరగనట్టు.

…మరి వాళ్ళకి ఎలా తెలిసిందా? గొంతు మార్చావు గానీ తల్లీ, మాట మార్చలేదు. ఆ బావిలో మగాడు "జవాబు పత్రాల కట్టలు వానకి తడిసి ముద్దయ్యాయి, కాదంటావా?" అన్నాడు. "దిద్దకుండానే మార్కులు వేసేశారు, కాదంటావా?" అన్నాడు. ఈ ఆఫీసులో మాటమాటకీ కాదంటావా అనేది ఎవరే?… అదీ సంగతి.

అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు… ఏం చేస్తాను, తలొంచుకుని టకటకా టైపు కొట్టుకుంటూ కూచున్నా. ఏం కొట్టానో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు టీ తెచ్చే అతను కూడా "చక్కెర సరిపోయింది, కాదంటారా మేడం?" అంటున్నాడు.

…ఊరుకో, ఊరుకో. కావాలని చేశావా ఏంటి? పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట, నీ చెవికి ఆనలేదు. వేరే ఎవరైనా విని ఉంటే కత్తిరించేసేవాళ్ళు. నాకు మాత్రం తట్టిందా?

…నోటీసా? మన కాలేజీ వాళ్ళే నీకిచ్చారా?… ఎవరు చెప్పారో పేరు చెప్పాలా? వాళ్ళకి తెలుసు కదే… ఓహో. తెలిసినా సరే, నీ చేత రాయించుకోవాలి. అప్పుడు నన్ను తీసెయ్యడానికి ఆధారం దొరుకుతుంది. మరి చెప్పకపోతే?… పరీక్ష రాయనివ్వరా! రేడియో గదికి తాళమా! మీ జర్నలిజం వాళ్ళకి ఉన్నదే ఒక గది, ఒక మైకు. దాని మీద కూడా పడ్డాయా వీళ్ళ కళ్ళు?

…ఆఁ ఆఁ, ఒక పాల ప్యాకెట్టు చాలు… రొట్టె ఇంట్లో ఉందిగా… సబ్బు కూడా తెచ్చెయ్…

వెళ్ళాడు. సూపరింటెండెంటు. చెయ్యి కడుక్కోవడానికి ఇంత దూరం రావాలా మనిషి, కాదంటావా?… చూశావా, మళ్ళీ అనేశా. మొన్నటి నుంచీ నోరు కట్టేసుకుని చస్తున్నాననుకో.

సరే, నువ్వేమనుకున్నావు మరి?… ఏమిటీ?… మళ్ళీ చెప్పు.

…అంతా నువ్వే కల్పించావని రాసిస్తావా? ఆ మాట్లాడింది కూడా నువ్వేనని?

ఆహా, ఎంత బాగుందే! నా ఉద్యోగం ఉంటుంది, నీ పరీక్ష ఉంటుంది. మరి కట్టలు?… కట్టలు తడవలేదు. మార్కులు సవ్యంగానే వేశారు. ఫెయిలైన పిల్లలంతా నిజంగానే ఫెయిలు. అంతేగా?

మీ జర్నలిజం మేడం ఏమంది?… ఆవిడకి చెప్పలేదా! ఎందుకు చెప్తావులే, చెంప పగలగొడుతుందని తెలుసు.

…నా కోసమా? నా కోసం అబద్ధాలకోరు అనిపించుకుంటావా? రేపు ఏ పేపర్లో చేరినా "కాలేజీలోనే కథలల్లిన పిల్ల" అంటారే నిన్ను. మీ అమ్మకి నా మొహం ఎలా చూపించను?

…కోపమే. కోపం లేకేం? భయం కూడా ఉంది. బాబాయి పని ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో నీకు తెలియనిదా, ఇల్లు నా జీతం మీదే కదా నడుస్తోంది.

కానీ విను. అసలు నీకు ఇదంతా ఎందుకు చెప్పానో తెలుసా?… మా కౌంటరు దగ్గరికి ఒక పిల్ల వచ్చేది. "నేను బాగా రాశాను మేడం, నా పేపరు ఒక్కసారి చూపించండి" అని. రూల్స్ ఒప్పుకోవమ్మా అని పంపేసేదాన్ని. ఏం చూపించను? స్టోరు రూములో ఆ పేపరు అట్టలా అతుక్కుపోయి ఉంది. కట్ట విప్పకుండానే సూపరింటెండెంటు సారు మార్కులు చదివారు, ఈ చేతులతోనే కంప్యూటర్లో కొట్టాను… మళ్ళీ వచ్చింది, మళ్ళీ పంపేశా. ఆ తర్వాత రాలేదు. చదువే మానేసిందట.

ఇప్పుడు నువ్వు కల్పించానని రాసిచ్చావనుకో, ఆ పిల్ల ఇంక ఎప్పటికీ ఫెయిలే. కాదంటావా?

…

రాయనే రాయవా?

…అదీ. నా బంగారం. ఏదీ రాసివ్వకు, నా పేరూ చెప్పకు. చెప్పకూడదనేగా మీ మేడం నేర్పింది? నేను చెప్తా. నా సంగతి నేను చెప్పుకుంటే నువ్వు బయటపెట్టినట్టు కాదుగా?

రికార్డింగు నొక్కు… ఇప్పుడే. ఇంటికెళ్ళి బాబాయి మొహం చూశానంటే మళ్ళీ నోరు పెగలదు నాకు… మార్చకు. ఈసారి ఆ బావిలో మగాడు వద్దు తల్లీ… పేరెందుకే? ఆ కౌంటరు దగ్గర నిలబడ్డ ప్రతి పిల్లకీ ఈ గొంతు తెలుసు.

నొక్కావా?… ఉండు, కాస్త ఊపిరి తీసుకోనీ… ఎవరో వస్తున్నారు… రానీలే. వింటే విననీ.

నేను పరీక్షల సెక్షన్లో టైపిస్టుని. మొన్న రేడియోలో మాట్లాడింది మగాయన కాదు, నేనే. జవాబు పత్రాలు వానకి తడిసిన మాట నిజం. ఎవరూ దిద్దలేదు. సారు చదివిన మార్కులు నేను కొట్టాను. పేపరు చూపించమని వచ్చి, వచ్చి, మానేసిన అమ్మాయీ… నువ్వు పాసో ఫెయిలో ఎవరికీ తెలీదమ్మా. నీ పేపరు ఎవరూ విప్పనే లేదు. కాదంటారా, సార్?… ఆఁ, మిమ్మల్నే అడుగుతున్నా. అక్కడే నిలబడ్డారేం, దగ్గరికొచ్చి చెప్పండి… ఫోన్ లాక్కుంటారేంటండీ, వదలండి… ఆపకు తల్లీ, నువ్వు ఆపకు, సారు కూడా ఏదో చెప్తా—