పొల్లుపోకుండా

కాలేజీ రికార్డుల గదిలో గుమాస్తా ఆ విద్యార్థినిని చూడగానే చల్లగా నవ్వింది.

“ఇందాక మీ నాన్నగారు ఫోన్ చేశారమ్మా. మీ కొత్తింటి అడ్రసు చెప్పాను.”

“ఎవరికీ ఇవ్వొద్దని రాసిచ్చాను కదా మేడమ్! ఒకడు నా వెంటపడుతున్నాడనే కదా ఇల్లు మారాం!”

“ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఇస్తానా? నీ రోల్ నంబరు, పుట్టినరోజు పొల్లుపోకుండా చెప్పారు.”

“ఆ రెండూ మీరు నోటీసుబోర్డులో అంటించిన జాబితాలోనే ఉన్నాయి.”

“కన్నతండ్రికి కూడా దాచాలా తల్లీ?”

“మా నాన్న పోయి ఆరేళ్లయింది.”

గుమాస్తా గబుక్కున గోడ గడియారం చూసింది. నాలుగూ పదిహేను.

“నువ్వెప్పుడు ఇల్లు చేరతావని అడిగితే, టైంటేబుల్ చూసి ఐదింటికన్నాను. ఇంకా ముప్పావుగంట ఉందిగా, పోలీసులకు చెబుదాం!”

“ఆ ముప్పావుగంట నాకుంది మేడమ్. మా చెల్లి నాలుగింటికే వచ్చేస్తుంది.”