పాలు పడలేదు

ఆస్పత్రిలో బాలింతల గది. కాన్పయిన మూడో రోజు మధ్యాహ్నం. మంచం మీద కూతురు, ఆమె ఒళ్లో పసిపిల్ల. పక్కన స్టూలు మీద తల్లి.

"లాగుతోందా?"

"లాగుతోందమ్మా."

"గుటక పడుతోందా? గొంతు దగ్గర చూడు."

"నువ్వలా మీద మీదకి వంగితే నాకేం కనిపిస్తుంది? జరుగు."

"జరిగాలే. పడుతోందా లేదా?"

"పడుతున్నట్టే ఉంది."

"ఉన్నట్టే అంటే లేనట్టే. మూడు రోజులు అమ్మడూ! ఆ పక్క మంచం అమ్మాయికి జాకెట్టు తడిసి ముద్దవుతోంది. నీకు చుక్క లేదు."

"ఆ అమ్మాయికి షుగర్ లేదుగా. నాకు ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు."

"ఆ ఒకటీ అయింది, రెండూ అయ్యాయి. పొద్దున తూకంలో పావుకిలో తగ్గింది, విన్నావా?"

"విన్నా."

"నాలుగింటికి మళ్లీ తూస్తారు. ఇంకా తగ్గితే పిల్లని పైకి తీసుకుపోతామంది సిస్టరమ్మ. పైన అద్దాల గది. ముక్కులో గొట్టం పెడతారు, చేతికి..."

"అమ్మా, ఆపు! నీ నోట ఒక్క మంచి మాట రాదా?"

"ఎక్కణ్ణుంచి వస్తుంది? నిన్ను కన్నప్పటినుంచీ గుండె గుప్పెట్లో పెట్టుకుని బతుకుతున్నా. పోనీ డబ్బా పాలు పడదామా, ఈ పూటకి?"

"వద్దు. నా పాలే పట్టాలి. తల్లి పాలు తాగిన పిల్లకి ఈ జబ్బు రాదంటారు. నాలాగా దీనికి రాకూడదమ్మా. రోజూ సూది పొడుచుకునే బతుకు దీనికొద్దు."

"సరే సరే, ఏడవకు. అటు మార్చి పట్టు."

"ఇందాకే మార్చా."

"మళ్లీ మార్చు. ఏడవదేమే ఇది? పొద్దున కాస్త కేరుమంది."

"నిద్రపోతోంది."

"నిద్రో నీరసమో! అరికాలు మీద చిటిక వెయ్యి."

"వేశా. కళ్లు తెరిచి మళ్లీ మూసింది. అమ్మా, మంచినీళ్లు."

"ఇప్పుడేగా సీసాడు తాగావు?"

"నాలుక పిడచకట్టుకుపోతోంది."

"అన్నం మెతుకు ముట్టవు, నీళ్లు మాత్రం బిందెలు బిందెలు. తినకపోతే పాలెక్కణ్ణుంచి పడతాయి, కుళాయిలోంచా?"

"వికారంగా ఉంది."

"పొద్దున సూది వేసుకున్నావా?"

"ఆఁ."

"నేను చూళ్లేదే."

"నువ్వు మొహం కడుక్కోడానికి వెళ్లినప్పుడు."

"ఎన్ని యూనిట్లు?"

"వేసుకున్నానంటుంటే! నేనేమన్నా చిన్నపిల్లనా? పద్దెనిమిదేళ్ల అలవాటు."

"అందులో సగం ఏళ్లు పొడిచింది నేను. ఏదీ, వేలు ఇలా పెట్టు, మిషన్లో చూస్తా."

"వద్దు."

"వద్దేంటి, ఇలా తే! పొడిచింది తెలిసిందా? లేదుగా. ఆఁ... ఇదేంటి, అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలొచ్చాయి."

"బ్యాటరీ అయిపోయిందని."

"మొన్నేగా అల్లుడు కొత్తది వేశాడు?"

"నాసిరకం అయ్యుంటుంది. ఇటిచ్చెయ్."

"ఇవ్వను. ఇటు తిరుగు. నా మొహం మీదకి ఊది చూడు."

"ఇదేం చోద్యం!"

"ఊదమన్నానా! అయ్యో... మగ్గిన పండు వాసన. ఈ వాసన నాకు తెలుసే. బడి నుంచొచ్చి నా ఒళ్లో వాలిపోయిన రోజు ఇదే వాసన. పండేదో తినొచ్చావనుకున్నా, పిచ్చిదాన్ని. తెల్లారేసరికి నీకు తెలివి లేదు. నిజం చెప్పు. సూది మానేశావా?"

"మానెయ్యలేదు."

"నా మీద ఒట్టెయ్యి."

"రాత్రిది వేసుకుంటున్నా."

"మరి పగటివి?"

"పగలు తినట్లేదుగా."

"తినక వేసుకోట్లేదా, వేసుకోకూడదని తినట్లేదా?"

"అమ్మా, నెమ్మదిగా..."

"చెప్పవే!"

"వేసుకోకూడదనే! పగలంతా పిల్ల నన్నే పట్టుకుని ఉంటుంది. ఆ మందు పాలల్లో దిగితే? ఒక్కోసారి నన్నే కళ్లు తిరిగి పడిపోయేలా చేస్తుంది, పిడికెడు లేదు ఇది, దీన్నేం చేస్తుంది? నిద్దట్లోనే పోతే?"

"సిస్టరమ్మా! ఓ సిస్టరమ్మా! ఒక్కసారి ఇటు రామ్మా!"

"ఏంటి పెద్దమ్మా, పైకప్పు ఎగిరిపోయేలా ఆ కేకలు? నాలుగింటికి వస్తానన్నాగా."

"ఈ మిషన్ చూడు తల్లీ. నాకు అంకెలే తెలుసు, ఈ అక్షరాలు రావు."

"ఏదీ... అమ్మాయ్! మిషన్ కొలవలేనంత ఎక్కువుంది. 'అలవాటే సిస్టర్, నా సూదులు నేనే చూసుకుంటా' అన్నావుగా! ఎప్పుడు వేసుకున్నావు?"

"రాత్రి. సగం."

"సగమా!"

"పాలల్లోంచి పిల్లకి వెళ్తుందేమోనని..."

"వెళ్తే ఏం? అది పొట్టలో పడితే అన్నంలాగే అరిగిపోతుంది. పిల్లకేమీ కాదు. అది లేకపోతేనే నీకు పాలు పడవు. పాలు తయారవ్వాలన్నా ఒంటికి ఆ మందే కావాలి."

"అంటే నేనే... మూడు రోజులూ నేనే దాన్ని పస్తు పెట్టానా?"

"తర్వాత ఏడుద్దువుగాని. పెద్దమ్మా, పిల్లని ఎత్తుకోండి. ఇప్పుడు పైకి వెళ్లాల్సింది పిల్ల కాదు, ఈ అమ్మాయి. సెలైన్ ఎక్కించాలి, గంట గంటకీ రక్తం చూడాలి."

"మరి పిల్ల?"

"డబ్బా పాలు పడతాం."

"వద్దు సిస్టర్! ఇంకొక్కసారి పట్టి చూస్తా. ఒక్కసారి! అమ్మా, దాన్ని ఇలా ఇవ్వు. ఇవ్వమ్మా!"

"ఇవ్వను. నీకు నీ కూతురెంతో నాకు నా కూతురూ అంతే. ముందు నువ్వు బతుకు."

"నా పాలు ఎండిపోతాయే!"

"పాలు పిండే మిషన్ పైకి పంపిస్తా. నువ్వు నిలదొక్కుకుంటే రేపో ఎల్లుండో పడొచ్చు. పడతాయని మాటివ్వలేను అమ్మాయ్. ఉండు, చక్రాల బల్ల తెప్పిస్తా."

"ఎవత్తె ఎక్కించింది నీ బుర్రలోకి, మందు పాలల్లో దిగుతుందని? పక్క మంచందా? మీ అత్తగారా?"

"వద్దులేమ్మా."

"చెప్పు! దాని నోట్లో గడ్డి పెడతా. నా మనవరాలి నోటి దగ్గర పాలు లాగేసిందెవరో నాకు తెలియాలి."

"దారివ్వండి పెద్దమ్మా, బల్ల వచ్చింది."

"చెప్పి వెళ్లవే!"

"నువ్వేనమ్మా."

"నేనా?"

"ఇది పుట్టిన రోజు సాయంత్రం. నేను సూది వేసుకుని, దీన్ని మొదటిసారి పాలకి ఒళ్లోకి తీసుకుంటుంటే, 'ఒసేయ్, నీ సూది పిల్లకి తగలనివ్వకు' అన్నావు. నీ మొహం నిండా భయమే. మళ్లీ అడిగితే ఇంకా భయపడతావని అడగలేదు."

"అయ్యో, అన్నానే... మూత పెట్టకుండా పక్క మీద పడేశావే, ఆ సూది! పిల్ల కాలికి గుచ్చుకుంటుందని అన్నానే తల్లీ!"